1969 కమారో జెడ్-28: బ్లాకు మీది పంచింగ్ నంబరు కర్మాగారానిదా, తర్వాత కొట్టినదా?

డాలస్ దగ్గర ఒక పాత కార్ల వ్యాపారి వద్దనున్న 1969 షెవ్రొలే కమారో జెడ్-28ను కొనదలచినట్లు, దాని ఇంజిను కారుతో పాటు కర్మాగారంలో బిగించినదేనని చెబుతూ అతడు అందుకు తగ్గ ధర అడుగుతున్నట్లు, ఆ మాటను ఎలా పరీక్షించాలో చెప్పమన్నట్లు మీరు రాశారు. బ్లాకు (సిలిండర్లు ఉండే ఇనుప దిమ్మ) మీద పోత సంఖ్య 3970010, పోత తేదీ ‘ఇ 6 9’, ముందు భాగంలో పంచ్ కొట్టిన సంకేతం ‘వి0410డిజెడ్’, కారు తయారీ ఫలకం మీద ‘04సి’ అని మీరు నమోదు చేసుకున్నారు. ఇవన్నీ మీరు చదివినట్లే ఉంటే ఆ ఇంజిను ఆ కారుది కాదు. అయితే వీటిలో ఒక అక్షరాన్ని మీరు తప్పుగా చదివి ఉండే అవకాశం గట్టిగానే ఉన్నది కాబట్టి, అది తేలేవరకు బయానా కూడా ఇవ్వవద్దు.

ఈ కారు విషయంలో ఇంజినుకు ఇంత ప్రాధాన్యం ఎందుకో ముందు చెప్పాలి. 1969 కమారో గుర్తింపు సంఖ్య, అంటే విన్, అది జెడ్-28 (పందేల కోసం చేసిన ఇంజినుతో వచ్చిన రకం) అవునో కాదో చెప్పదు. మీ కారు విన్ ‘124379ఎన్’తో మొదలవుతుంది. అందులో 1 షెవ్రొలే విభాగాన్ని, 24 ఎనిమిది సిలిండర్ల కమారోను, 37 రెండు తలుపుల కూపే బాడీని, 9 సంవత్సరాన్ని, ‘ఎన్’ ఒహాయో రాష్ట్రంలోని నార్‌వుడ్ కర్మాగారాన్ని సూచిస్తాయి. అతి సాదా ఎనిమిది సిలిండర్ల ఇంజినుతో వచ్చిన కూపేకు కూడా ఇదే వరుస పడుతుంది. ఆ ఏడాది నమూనాలో జెడ్-28లు 20,302 తయారయ్యాయి. సాదా కార్లకు చారలు గీసి, చిహ్నాలు అతికించి జెడ్-28లుగా మార్చినవి ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్క పెట్టలేదు. విన్ సాక్ష్యం చెప్పనప్పుడు ఇంజినే ప్రధాన సాక్షి అవుతుంది. అందుకే దొంగ సాక్ష్యం పుట్టేది కూడా అక్కడే.

ఆ ఇంజిను పుట్టుక పోటీ నిబంధనల వల్ల జరిగింది. అమెరికాలో 1966లో మొదలైన ట్రాన్స్-యామ్ కార్ల పందేలలో ఇంజిను పరిమాణం 5 లీటర్లు, అంటే 305 క్యూబిక్ అంగుళాలు, మించరాదు. షెవ్రొలే వారు 327 ఇంజిను నుంచి 4 అంగుళాల బోరును (సిలిండరు వెడల్పును), 283 ఇంజిను నుంచి 3 అంగుళాల స్ట్రోకును (పిస్టను కదిలే దూరాన్ని) తీసుకొని 302 క్యూబిక్ అంగుళాల ఇంజినును తయారుచేశారు. 1969లో దానికి క్రాంకును (పిస్టన్లు తిప్పే ఇరుసును) పట్టుకునే మెయిన్ బేరింగ్ క్యాపులలో మధ్యనున్న మూడింటికి నాలుగేసి బోల్టులు వచ్చాయి. మీకు పనికివచ్చే చిక్కు ఇక్కడున్నది. సర్వసాధారణమైన 350 ఇంజిను బోరు కూడా సరిగ్గా 4 అంగుళాలే. తేడా స్ట్రోకులో మాత్రమే, అది 3.48 అంగుళాలు. 3970010 అనే బ్లాకు 302కూ వాడారు, 350కీ వాడారు. 350ల కోసం డెబ్భైల దశకం చివరిదాకా కార్లకూ ట్రక్కులకూ లెక్కలేనన్ని పోశారు. కనుక ఆ పోత సంఖ్య కనిపించిందంటే ‘కాదు అనడానికి వీలు లేదు’ అని మాత్రమే అర్థం. వ్యాపారి ప్రకటనలో ఆ సంఖ్యను పెద్ద అక్షరాలతో వేసుకోవడం నాకు నవ్వు తెప్పించింది. పాత ట్రక్కు ఇంజిను మీద కూడా అదే ఉంటుంది.

బ్లాకు మీద మూడు చోట్ల మూడు వేర్వేరు కాలాల గుర్తులు ఉంటాయి. వెనుక భాగంలో, గేర్‌బాక్సు గంట బిగించే అంచు మీద, డ్రైవరు వైపు ఉబ్బెత్తుగా ఉండేది పోత సంఖ్య. అదే అంచు మీద ప్రయాణికుడి వైపు ఉబ్బెత్తుగా ఉండేది పోత తేదీ: మొదట నెలకు ఒక ఇంగ్లీషు అక్షరం, జనవరికి ‘ఎ’ నుంచి డిసెంబరుకు ‘ఎల్’ వరకు, తరువాత రోజు, చివర సంవత్సరపు ఆఖరి అంకె. ఈ రెండూ ఇనుము కరిగించి పోసినప్పుడే అచ్చులో ఏర్పడినవి కాబట్టి వీటిని మార్చడం కష్టం. మూడవది ముందు భాగంలో, ప్రయాణికుడి వైపు సిలిండర్ హెడ్డుకు (బ్లాకు మీద మూతలా బిగించే భాగానికి) ఎదురుగా, బొటనవేలు వెడల్పున ఉండే చదునైన తలం మీద పంచ్ కొట్టినది. అందులో ‘వి’ మిషిగన్‌లోని ఫ్లింట్ ఇంజిను కర్మాగారాన్ని, 0410 ఏప్రిల్ 10ని, ‘డిజెడ్’ 1969 జెడ్-28 ఇంజినును సూచిస్తాయి. దాని పక్కనే, లేదా కొన్నింటిలో కింద ఆయిల్ ఫిల్టరు దగ్గర, కారు విన్ నుంచి తీసుకున్న ‘19ఎన్’తో మొదలయ్యే సంఖ్య ఉండాలి. దానిని కొట్టింది ఫ్లింట్‌లో కాదు. ఇంజిను నార్‌వుడ్ చేరిన తరువాత కారు కట్టేవారు కొట్టారు. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి. దీని అవసరం తరువాత వస్తుంది.

ఇప్పుడు మీ తేదీలు. బ్లాకును పోసి, చల్లార్చి, మెషినింగ్ చేసి, ఇంజినుగా బిగించి, రైల్లో పంపి, కారులో కూర్చోబెట్టడం అనే క్రమం వెనక్కి నడవదు. మీ తయారీ ఫలకం మీది ‘04సి’ ఏప్రిల్ మూడవ వారం. ఇంజిను బిగించినది ఏప్రిల్ 10. ఆ రెండూ చక్కగా పొసగుతున్నాయి. ఆ రోజు గురువారం కూడాను. కాని మీరు చదివిన ‘ఇ 6 9’ ప్రకారం బ్లాకును పోసినది మే 6న. నెల తరువాత పుట్టబోయే బ్లాకుతో ఇంజినును ఎవరూ బిగించలేరు. ఇదే అక్షరం ‘సి’ అయితే పోత తేదీ మార్చి 6 అవుతుంది. పోతకూ బిగింపుకూ మధ్య అయిదు వారాలు ఉండటం మామూలే. ఇసుక అచ్చులో పోసిన అక్షరాల మీద యాభై ఏళ్ల రంగు, జిడ్డు పేరుకున్నప్పుడు ‘సి’ మధ్యలో ఒక మురికి గడ్డ ఉంటే చాలు, అది ‘ఇ’గా కనిపిస్తుంది. మీరు ఫోనును ఇంజిను వెనుకకు దూర్చి తీసిన ఫొటో నేను నమ్మదగినంత స్పష్టంగా లేదు.

దీనికి మందు మన ఊళ్లలో అందరికీ తెలిసినదే. బండి బీమాకో బదిలీకో వెళ్లినప్పుడు ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీస్తారు కదా, విజయవాడ ఆటోనగర్‌లో నేను చిన్నప్పుడు చూసిన ఆ పనినే ఇక్కడ డెట్రాయిట్ పక్కన ముప్ఫై ఏళ్లుగా చేస్తున్నాను. ఉబ్బెత్తు అక్షరం కాబట్టి ముందు బ్రేకు క్లీనరుతో, పాత పళ్ల బ్రష్షుతో జిడ్డు వదిలించి, పల్చని కాగితాన్ని వేలితో అదిమిపట్టి మెత్తని పెన్సిల్‌ను పక్కకు వాల్చి రుద్దండి. కళ్లు పొరబడే చోట ఆ కాగితం పొరబడదు. ఒక్క హెచ్చరిక: ఈ బ్రష్షు వెనుకనున్న పోత అక్షరాలకే. ముందున్న పంచింగ్ తలాన్ని తీగ బ్రష్షుతోగాని, గరుకు పీచుతోగాని, ఇసుక కాగితంతోగాని ముట్టుకోకూడదు. ఎందుకంటే అక్కడ అంకెలకన్నా వాటి కింది ఇనుము ఎక్కువ చెబుతుంది.

ఆ తలాన్ని చదవడం తెలిస్తే సగం మోసాలు అక్కడే బయటపడతాయి. ఫ్లింట్‌లో ఈ పంచింగ్ తలంతో సహా బ్లాకు పై తలాన్నంతా బ్రోచింగ్ అనే పద్ధతిలో చదును చేశారు. వరుస పళ్లున్న పెద్ద కోత పనిముట్టు బ్లాకు పొడవునా ఒకే దిశలో సాగిపోతుంది. దానివల్ల ముందు నుంచి వెనుకకు, క్రాంకుకు సమాంతరంగా, సన్నని తిన్నని గీతలు పడతాయి. సంఖ్యలు కొట్టినది ఆ తరువాత. కాబట్టి నిజమైన తలం మీద గీతలు అంకెల మధ్యగా సాగి, అంకె గుంట దగ్గర తెగి, అవతల మళ్లీ కొనసాగుతాయి. ఇంజినును మరమ్మతు చేసేటప్పుడు షాపులో పై తలాన్ని మళ్లీ చదును చేస్తే, అక్కడి యంత్రంలో తిరిగే చక్రం వల్ల వంపు గీతలు, అంటే పళ్లెం అంచు ముక్కల వంటి చాపాలు పడతాయి. మీ నాలుగవ ఫొటోను పెద్దది చేసి చూస్తే ‘0410’ కింద ఎడమ మూల నుంచి అటువంటి చాపం ఒకటి మొదలవుతున్నట్లు నాకు అనిపించింది. అది వెలుగు నీడ కావచ్చు కూడా. ఒక చిన్న టార్చిని తలానికి దాదాపు ఆనించి, పక్క నుంచి వెలుగు పడేటట్లు పట్టుకొని, పదింతలు పెద్దదిగా చూపే భూతద్దంతో మీరే చూడాలి. తరువాత టార్చిని అడ్డంగా తిప్పి మరొకసారి చూడాలి. ఒక దిశలో కనిపించని గీతలు మరొక దిశలో లేచి కనిపిస్తాయి.

కొందరు ఈ సంగతి తెలిసినవారే కాబట్టి చాపాలను ఇసుక కాగితంతో పొడవునా గీరి బ్రోచింగ్ గీతల్లా చేస్తారు. వాటిని గుర్తుపట్టడం అలవాటు మీద వస్తుంది. చేత్తో గీసినవి ఒకదానినొకటి దాటుతాయి, లోతు మారుతుంది, తలం చివరి అంచు దగ్గర చేయి లేచినందున పల్చబడతాయి. అంచులు కూడా కాస్త గుండ్రబడతాయి. పైగా హెడ్డుకూ బ్లాకుకూ మధ్యనుండే గ్యాస్కెట్ కిందికి ఆ గీతలు పోవు. కర్మాగారపు గీతలు పోతాయి, ఎందుకంటే అది అంతా ఒకే కోత. హెడ్డు విప్పే అవకాశం దొరికినప్పుడు ఈ ఒక్క పరీక్షతోనే సంగతి తేలిపోతుంది.

అంకెలను కూడా చూడాలి. ఫ్లింట్‌లో అంకెలన్నిటినీ ఒక పట్టులో బిగించి ఒకే దెబ్బలో కొట్టేవారు. కనుక ‘వి0410డిజెడ్’ వరుస మొత్తం ఒక కొసకు వాలవచ్చు, ఒక వైపు లోతుగా మరొక వైపు పల్చగా పడవచ్చు, కాని అంకెలు ఒకదానికొకటి ఎగుడుదిగుడుగా ఉండవు. విడివిడి పంచ్‌లతో సుత్తిదెబ్బ వేసి కొట్టినది ఊరి జాతరలో బారులు తీరినట్లు ఉంటుంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్నది ఇక్కడ కావాలి. ఇంజిను సంకేతాన్నీ విన్ సంఖ్యనూ రెండు ఊళ్లలో, వేర్వేరు మనుషులు, వేర్వేరు పంచ్‌లతో కొట్టారు. రెండు వరుసలూ ఒకే లిపిలో, ఒకే లోతులో, చక్కగా ఒకదాని పక్కన మరొకటి కూర్చున్నట్లు ఉంటే నాకు సంతోషం కలగదు, అనుమానం కలుగుతుంది. కొత్తగా ఈ రంగంలోకి వచ్చినవారు అందంగా ఉన్నదే అసలైనదని అనుకుంటారు, నేనూ అనుకున్నాను. నా రెండవ కమారోను అటువంటి ముచ్చటైన పంచింగ్ చూసి కొన్నాను. హెడ్డు విప్పిన రోజున గ్యాస్కెట్ గీత దగ్గర గీతలన్నీ కత్తిరించినట్లు ఆగిపోయి కనిపించాయి. అమ్మినతడు అప్పటికే ఫోను ఎత్తడం మానేశాడు.

ఇంజిను మీద బిగించిన మిగిలిన భాగాల గురించి మీరు చాలా రాశారు గాని, వాటి మీద నేను ఎక్కువ నిలబడను. హెడ్లు 3927186, అల్యూమినియం ఇన్‌టేక్ మ్యానిఫోల్డు 3932472, దాని మీద వింటర్స్ ఫౌండ్రీ వారి మంచు రేకు గుర్తు, హోలీ కార్బురేటరు గాలి గొట్టం మీద 3923289-డిజెడ్, లిస్ట్ 4053, డిస్ట్రిబ్యూటరు 1111480: ఇవి సరైన సంఖ్యలే. కార్బురేటరు మీది 933 అంటే 1969 మార్చి మూడవ వారం, అదీ సరిపోతుంది. కాని ఇవన్నీ బోల్టులు విప్పితే ఊడివచ్చే వస్తువులు. పెన్సిల్వేనియాలో హెర్షీ, కార్లైల్ సంతలకు వెళితే సరైన నెలకు చెందిన భాగాలను వెతికి అమ్మేవారు బల్లలు పరచుకొని కూర్చుంటారు. ఆ 4053 కార్బురేటరుకు కొత్తగా చేసిన నకళ్లు కూడా దొరుకుతాయి. ఇటువంటివి సరిగ్గా ఉంటే అమ్మకందారు శ్రద్ధగలవాడని తెలుస్తుంది. ఆ శ్రద్ధ నిజాయితీ వైపు ఉన్నదో లేదో తెలియదు. హెడ్లను మాత్రం మినహాయిస్తాను: రెండు హెడ్లలోనూ వాల్వు మూతలు తీసి పోత తేదీలు చూడండి. ఒకటి మార్చి నాటిది, మరొకటి మరో ఏడాదిది అయితే ఇంజిను ఎప్పుడో ఒకసారి బాగా విప్పారని అర్థం.

లోపలి భాగాలలో మాత్రం అబద్ధం చెప్పనిది క్రాంక్ షాఫ్టు. 302 క్రాంకు ఉక్కును సమ్మెటపోటుతో మలచినది. దాని మీద 1178 అని ఉంటుంది. స్ట్రోకు 3 అంగుళాలు. ఇంజిను అడుగున ఉండే నూనె తొట్టిని, అంటే ఆయిల్ పాన్‌ను, దించితే ఆ గుర్తును, నాలుగు బోల్టుల క్యాపులను ఒకేసారి చూడవచ్చు. బయట ‘డిజెడ్’ ఉండి లోపల 350 క్రాంకు తిరుగుతున్న ఇంజినులను నేను చూశాను. కాని అసలైన 302 క్రాంకు ఉన్నంత మాత్రాన బ్లాకు అసలైనది కాబోదు, ఎందుకంటే పగిలిపోయిన 302 బ్లాకులోని క్రాంకును తీసి 350 బ్లాకులో వేయడం ఎవరికైనా తోచే పనే. కారులో ఇంజిను ఉండగా పాన్ దించడం తేలిక కాదు, అమ్మకందారు ఒప్పుకోకపోవచ్చు కూడా. ధర పెద్దది కాబట్టి అడగడంలో తప్పులేదు. ఒప్పుకోని వ్యాపారి చెప్పే కారణాన్ని వినండి.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. వారంటీ పుస్తకంలో ఉండే ప్రొటెక్ట్-ఓ-ప్లేట్ అనే చిన్న లోహపు ఫలకం మీద విన్‌తో పాటు ఇంజిను సంకేతం, గేర్‌బాక్సు, వెనుక ఆక్సిల్ వివరాలు ఉంటాయి. అసలు ఫలకం దొరికితే అది బంగారమే, కాని నకలు చేసి ఇచ్చేవారు ఉన్నారు. తయారీ ఫలకం మీద ఎక్స్33 లేదా ఎక్స్77 ఉంటే నార్‌వుడ్‌లో జెడ్-28గా కట్టిన కారు అని అర్థం. 1968 డిసెంబరు ప్రాంతం నుంచి ఆ సంకేతాలు వేశారు కాబట్టి ఏప్రిల్ కారుకు అది తప్పక ఉండాలి. మీరు దాని ప్రస్తావన చేయలేదు, ఈసారి తప్పకుండా చూడండి. ఆ ఫలకం కూడా రివెట్లతో బిగించినదే గనుక, బాడీ మీద హీటరు పెట్టె వెనుక, అద్దం ముందున్న రేకు కింద దాగి ఉండే విన్ ముద్రలతో కారు గుర్తింపును సరిపోల్చుకోవాలి. గేర్‌బాక్సు మీద కూడా విన్ సంఖ్య కొట్టి ఉంటుంది. ఇంజిను మీది సంఖ్యతో అది కలిస్తే బలం వస్తుంది. ఎందుకంటే దానిని మార్చాలన్న ఆలోచన చాలామందికి రాదు.

ఇంత చెప్పిన తరువాత, పంచింగ్ లేని బ్లాకులన్నీ దొంగవి అనుకోకండి. మరమ్మతులో పై తలాన్ని చదును చేయించినప్పుడు ఎన్నో అసలైన ఇంజినుల సంఖ్యలు ఆ షాపు నేల మీది రజనులో కలిసిపోయాయి. అప్పట్లో అది పాత కారు మాత్రమే, ఎవరూ పట్టించుకోలేదు. అటువంటి బ్లాకుకు పోత తేదీ సరిపోయి, తలం ఖాళీగా ఉంటే నేను గౌరవంగానే చూస్తాను. అలాగే ‘సిఇ’ అనే అక్షరాలతో, తరువాత సంవత్సరపు అంకెతో పంచింగ్ ఉంటే, అది వారంటీ కింద షెవ్రొలే వారే ఇచ్చిన మార్పిడి బ్లాకు. జెడ్-28లను కొన్నవారు వాటిని పందెపు బండ్లలాగే తోలారు కాబట్టి వారంటీలోనే పగిలినవి తక్కువేమీ కాదు. నా లెక్కలో నిజాయితీగల ‘సిఇ’ బ్లాకున్న కారు, గీరి మళ్లీ కొట్టిన ‘డిజెడ్’ ఉన్న కారుకన్నా మేలు. మొదటిది తన చరిత్రను దాచుకోదు. రెండవదాన్ని మీరు మళ్లీ అమ్మేటప్పుడు ఆ దాపరికం మీ మెడకు చుట్టుకుంటుంది.

కారు కొన్నాక ఇంజినును విప్పి బాగుచేయిస్తానన్నారు. అసలైనదని తేలితే, మెషిన్ షాపుకు ఇచ్చే పని చీటీ మీద ‘ముందు తలాన్ని ముట్టుకోరాదు’ అని రాయించి, షాపు యజమానితో సంతకం పెట్టించండి. నోటి మాట చాలదు. పని చేసేవాడు వేరు, మాట ఇచ్చినవాడు వేరు. ఇచ్చే ముందు ఆ తలాన్ని పక్క వెలుగులో ఫొటోలు తీసి, కొలత స్కేలు పక్కన పెట్టి మరికొన్ని తీసి భద్రపరచండి. తరువాత తుప్పు పట్టకుండా పల్చగా నూనె రాస్తే చాలు, నారింజ రంగు దట్టంగా పూయవద్దు.

శనివారం మళ్లీ చూడటానికి వెళుతున్నారు కాబట్టి చిన్న అద్దం, టార్చి, భూతద్దం, పల్చని కాగితం, పెన్సిల్, బ్రేకు క్లీనరు తీసుకువెళ్లండి. మొదట వెనుకకు వెళ్లి పోత తేదీ ప్రింటు తీయండి. అది ‘ఇ’ అయితే ముందు తలాన్ని చూసే శ్రమ కూడా అక్కరలేదు. అప్పుడు ఆ కారుకు మీరు ఇవ్వగల ధర, ఇంజిను అసలైనది కాని జెడ్-28 ధర మాత్రమే, అదీ ఎక్స్ సంకేతం, దాగిన విన్‌లు సరిపోతేనే. అది ‘సి’ అయితే ముందుకు వచ్చి ‘0410’ కింద ఎడమ మూలను రెండు దిశల వెలుగులో ఫొటోలు తీసి పంపండి. ఆ చాపం నిజంగా ఉన్నదో లేదో చూసిన తరువాత ధర సంగతి మాట్లాడుకుందాం.